చివరి బటన్ ఎవరు నొక్కాలి?

సబ్బవరం జంక్షన్‌లో ఏదైనా నెట్ సెంటర్ ముందు పొద్దున్న పూట కాసేపు నిలబడితే చాలు, మన ప్రాంతంలో జనానికీ వెబ్‌సైట్లకీ ఉన్న సంబంధం ఏమిటో అర్థమవుతుంది. ఒకరికి పొలం 1-బి కావాలి. ఇంకొకరికి కొనబోయే స్థలం తాలూకు ఈసీ కావాలి. కాంట్రాక్టు పని మానేసిన కార్మికుడు పీఎఫ్ క్లెయిమ్ పెట్టించుకోవడానికి వస్తాడు. ఈఏపీసెట్ రాసిన పిల్లని వెంటబెట్టుకుని తండ్రి కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్ల కోసం వస్తాడు. వీళ్ళలో చాలామంది జేబులో స్మార్ట్‌ఫోన్ ఉంటుంది, అందులో డేటా ఉంటుంది, ఈ పనుల వెబ్‌సైట్లన్నీ ఆ ఫోన్లోనే తెరుచుకుంటాయి. అయినా డబ్బులిచ్చి ఇంకొకరి చేత చేయించుకుంటున్నారు. ఏ గడిలో ఏం రాయాలో, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో, తప్పు నొక్కితే మళ్ళీ సరిదిద్దుకునే దారి ఉందో లేదో తెలియకపోవడమే దీనికి కారణం.

ఆ పని నేను చేసిపెడతానని ఇప్పుడు యంత్రం ముందుకొచ్చింది. దాన్ని బ్రౌజర్ ఏజెంట్ అంటున్నారు. మనకు ఏం కావాలో మామూలు మాటల్లో చెబితే తనే సైటు తెరిచి, గడులు నింపి, బటన్లు నొక్కి, కాగితం డౌన్‌లోడ్ చేసి తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇది. దీని గురించి పొగడ్తలు చాలా వచ్చాయి, భయాలూ చాలా వచ్చాయి. రెండూ ఎక్కువగా అమెరికా జీవితాన్ని బట్టి రాసినవి: హోటల్ బుకింగులు, కిరాణా ఆర్డర్లు, ఆఫీసు ఈమెయిళ్ళు. మన ఊళ్ళ పనుల మీద పెట్టి చూస్తే లెక్క వేరేగా తేలుతుంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. వెతికే పని, నింపే పని యంత్రానికి నిశ్చింతగా అప్పగించే రోజు దగ్గరలోనే ఉంది. కానీ డబ్బు కదిలే చోట, హక్కు మారే చోట చివరి బటన్ మనిషే నొక్కాలి. ఈ నియమాన్ని కంపెనీల మంచితనానికి వదిలెయ్యకుండా రూల్సులో రాసిపెట్టాలి.

అమీర్‌పేట నుంచి అట్లాస్ దాకా

బ్రౌజర్‌ని యంత్రం చేత నడిపించడం కొత్త విద్యేమీ కాదు. 2004లో థాట్‌వర్క్స్ కంపెనీలో పనిచేస్తున్న జేసన్ హగిన్స్ సెలీనియం అనే పనిముట్టు తయారుచేశాడు. సైటు సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించడానికి పుట్టింది అది. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో సెలీనియం నేర్చుకుని టెస్టింగ్ ఉద్యోగాల్లో కుదురుకున్న తెలుగు పిల్లలు ఎంతమందో. తర్వాత 2017లో గూగుల్ నుంచి పప్పెటీర్, 2020లో మైక్రోసాఫ్ట్ నుంచి ప్లేరైట్ వచ్చాయి. వీటన్నిటికీ ఒకటే బలహీనత. ఫలానా గడి, ఫలానా బటన్ అని మనిషి ముందే కోడ్ రాసిపెట్టాలి. సైటు వాళ్ళు బటన్‌ని పక్కకు జరిపితే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది.

పెద్ద భాషా మోడళ్ళు వచ్చాక ఈ అడ్డు తొలగింది. పేజీని చూసి, ఇక్కడ ఏముంది, నాకు చెప్పిన పనికి తర్వాతి అడుగు ఏమిటి అని యంత్రమే నిర్ణయించుకోవడం మొదలైంది. 2024 అక్టోబరులో ఆంత్రోపిక్ తన క్లాడ్ మోడల్‌కి కంప్యూటర్ నడిపే శక్తి ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో గూగుల్ ప్రాజెక్ట్ మారినర్‌ని చూపించింది. 2025 జనవరి 23న ఓపెన్‌ఏఐ ఆపరేటర్‌ని విడుదల చేసింది. నెలకు 200 డాలర్లు కట్టే అమెరికా వాళ్ళకే మొదట అది అందింది. జూలైలో పెర్‌ప్లెక్సిటీ కామెట్ అనే బ్రౌజర్ తెచ్చింది, అక్టోబరు 21న ఓపెన్‌ఏఐ అట్లాస్ తెచ్చింది. 200 డాలర్ల వస్తువు మన దాకా రావడానికి ఏళ్ళు పడుతుందని ఎవరైనా అనుకుని ఉంటే, ఆ అంచనా నెలల్లోనే తప్పింది. 2025 జూలైలోనే ఎయిర్‌టెల్ తన 36 కోట్ల ఖాతాదారులకు పెర్‌ప్లెక్సిటీ ప్రోను ఏడాదిపాటు ఉచితంగా ప్రకటించింది. అక్టోబరుకల్లా కామెట్ ప్రపంచమంతటా ఉచితమైంది. అదే అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో ఏఐ హబ్ ప్రకటించింది: అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు. దాని డేటా సెంటర్లు రాబోయే తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు అందరి నోళ్ళలో పడ్డాయి. యంత్రాల మెదడు మన పొలిమేరల్లోకి వస్తోంది కాబట్టి, అది మన పనులు ఎలా చేస్తుందో అడిగే హక్కు మనకు ఇంకొంచెం ఎక్కువే ఉంది.

ఒక అడంగల్ తియ్యాలంటే

పని దగ్గరగా చూద్దాం. 2015లో వచ్చిన 'మీ భూమి' అనే భూమి రికార్డుల సైటులో అడంగల్ తియ్యాలి. మనిషైతే జిల్లా ఎంచుకుంటాడు, అప్పుడు మండలాల జాబితా వస్తుంది. మండలం ఎంచుకుంటే గ్రామాలు వస్తాయి. తర్వాత సర్వే నంబరు, చివర్న క్యాప్చా. యంత్రం కూడా ఇదే వరసలో వెళ్తుంది. పేజీని ఫొటో తీసి చూస్తుంది, లేదా పేజీ లోపలి కట్టడాన్ని చదువుతుంది. అంధులకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు వాడుకునే కట్టడమే ఇది. ఒక గడి నింపుతుంది, మళ్ళీ పేజీని చూస్తుంది, ఏం మారిందో గమనిస్తుంది, ఇంకో గడి నింపుతుంది. ఓపికగా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, నిజమే.

ఇప్పుడు మన ఊరి చిక్కు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు సబ్బవరం మండలం విశాఖపట్నం జిల్లా నుంచి అందులోకి వెళ్ళింది. చేతిలో ఉన్న పాత దస్తావేజు మీద విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది. పాత దస్తావేజునే నమ్ముకున్న యంత్రం విశాఖపట్నం ఎంచుకుంటే, మండలాల జాబితాలో సబ్బవరం కనబడదు. అక్కడ యంత్రం ఆగి అడిగితే మంచిదే. అడగకుండా పేరు దగ్గరగా ఉన్న ఇంకో దాన్ని ఎంచుకుని ముందుకెళ్ళిపోతే, వేరే ఊరి సర్వే నంబరు మీద వేరేవాళ్ళ అడంగల్ వస్తుంది. కాగితం చూడ్డానికి అచ్చం సరైనదానిలాగే ఉంటుంది. నెట్ సెంటర్ కుర్రాడు ఈ తప్పు చెయ్యడు, వాడిది ఈ ఊరే గనక.

తప్పుల సంగతి అంకెల్లో కూడా ఉంది. 2023లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వెబ్ఎరీనా పేరుతో 812 పనులతో ఒక పరీక్ష తయారుచేశారు. మనుషులు వాటిలో 78.24 శాతం పూర్తిచేస్తే, అప్పటి జీపీటీ-4 ఏజెంటు 14.41 శాతం దగ్గర ఆగింది. 2025 జనవరిలో ఆపరేటర్‌తో పాటు ఓపెన్‌ఏఐ ప్రకటించిన అంకె 58.1 శాతం. ఏడాదిన్నరలో ఇంత ఎదుగుదల మామూలు విషయం కాదు. కానీ ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఒక్కో అడుగులో నూటికి 98 సార్లు సరిగ్గా చేసే యంత్రం కూడా, 20 అడుగులున్న పనిని తప్పు లేకుండా ముగించేది నూటికి 67 సార్లే. మన ప్రభుత్వ సైట్లలో అన్ని అడుగులున్న పనులు చాలానే ఉన్నాయి. పైగా సెషన్ అయిపోతుంది, పాప్-అప్ అడ్డొస్తుంది, పీడీఎఫ్ కొత్త కిటికీలో తెరుచుకుంటుంది, సర్వర్ డౌన్ అని వస్తుంది. అడంగల్ తప్పొస్తే మళ్ళీ తియ్యొచ్చు. వెబ్ ఆప్షన్ల వరస తప్పి గడువు దాటిపోతే ఆ పిల్ల నాలుగేళ్ళ చదువు వేరే కాలేజీలో, వేరే బ్రాంచిలో గడుస్తుంది. ఈ రెండు పనులనూ ఒకే గాటన కట్టి ఏజెంటుకి అప్పగించమని చెప్పే ప్రకటనలను నేను ఒప్పుకోను.

తత్కాల్ నేర్పిన పాఠం

బ్రౌజర్ ఆటోమేషన్ దెబ్బ తెలుగు నేలకు కొత్తగా తగలబోవడం లేదు, ఎప్పుడో తగిలింది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖ వైపు రావాలనుకున్న ప్రతి ఇంటికీ అది తెలుసు. ఏసీ తత్కాల్ పదింటికి, స్లీపర్ తత్కాల్ పదకొండింటికి తెరుచుకుంటుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి పేర్లు, వయసులు టైపు చేసేలోపే బెర్తులు అయిపోయి వెయిటింగ్ లిస్టు వస్తుంది. మన వేళ్ళు మెల్లగా కదలడం వల్ల కాదది. అవతల పేర్లు నింపేది మనిషి కాదు.

2020 సెప్టెంబరులో రైల్వే రక్షక దళం 'రియల్ మ్యాంగో' అనే అక్రమ సాఫ్ట్‌వేర్ గుట్టు రట్టు చేసింది. అది చేసే పనులేమిటో అప్పటి ప్రకటనలోనే ఉన్నాయి: క్యాప్చాను దాటెయ్యడం, ప్రయాణికుల వివరాలు తనే నింపడం, అనేక ఐడీలతో ఒకేసారి లాగిన్ కావడం, మొబైల్ యాప్ సాయంతో బ్యాంకు ఓటీపీని పట్టుకుని గడిలో తనే వెయ్యడం. నేటి ఏజెంట్ల గురించి ఆశగా చెప్పుకుంటున్న పనులు దాదాపు ఇవే. అప్పుడు 50 మందిని అరెస్టు చేశారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, నకిలీ యూజర్ ఐడీలతో ఈ-టికెట్లు తీసి అమ్ముకోవడం రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరమేనని తీర్పిచ్చింది. అదే ఏడాది రైల్వే మంత్రిత్వ శాఖ చెప్పిన సంగతి ఇంకా కళ్ళు తెరిపిస్తుంది: తత్కాల్ తెరిచిన మొదటి అయిదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్లవే. రెండున్నర కోట్ల ఐడీలు రద్దుచేశారు. ఆన్‌లైన్ బుకింగుల్లో జూలై 1 నుంచి తత్కాల్‌కి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి అయింది, 15 నుంచి ఆధార్ ఓటీపీ కూడా కావాలి. టికెట్ ఏజెంట్లకు మొదటి అరగంట తలుపు మూశారు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. యంత్రం కొందరి దగ్గరే ఉంటే మిగతావాళ్ళ వంతు దోచుకుంటుంది. అందరి దగ్గరా ఉంటే ఆ లాభం ఎవరికీ మిగలదు, సైటు వాళ్ళు మాత్రం తాళం మీద తాళం వేసుకుంటూ పోతారు. ఆ తాళాల బరువు యంత్రాల మీద కన్నా ముందు మనుషుల మీద పడుతుంది. ఆధార్‌కి పాత నంబరు లింకై ఉన్న ముసలావిడకి ఇప్పుడు ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్ దొరకదు. రేపు చిన్న చిన్న పనులకు కూడా లక్షల ఏజెంట్లు సైట్ల మీద పడితే, టీటీడీ దర్శనం కోటా నుంచి ఆసుపత్రి ఓపీ స్లాట్ల దాకా ఇదే జరుగుతుంది. 2025 నవంబరులో అమెజాన్, కామెట్ ఏజెంటు తన సైటులో మనిషిలా నటిస్తూ కొనుగోళ్ళు చేస్తోందని పెర్‌ప్లెక్సిటీ మీద కాలిఫోర్నియా కోర్టుకు వెళ్ళింది. వాడుకరి తరఫున వచ్చే యంత్రానికి వాడుకరికున్న హక్కులన్నీ ఉంటాయని పెర్‌ప్లెక్సిటీ వాదన. నాకు రెండు పక్షాల మీదా ప్రత్యేకమైన ప్రేమ లేదు. కానీ 'నేను యంత్రాన్ని' అని చెప్పుకోవాల్సిన బాధ్యత ఏజెంటుకి ఉండాలన్నది మాత్రం న్యాయం.

పేజీలో దాక్కున్న ఆజ్ఞ

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేగంలో లేదు, నమ్మకంలో ఉంది. మనం చెప్పిన మాటకీ, పేజీలో రాసి ఉన్న మాటకీ తేడా భాషా మోడల్‌కి గట్టిగా తెలియదు. రెండూ దానికి అక్షరాలే. దీన్ని ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటున్నారు. 2022 సెప్టెంబరులో సైమన్ విల్లిసన్ పెట్టిన పేరది. 2025 ఆగస్టులో బ్రేవ్ బ్రౌజర్ వాళ్ళు కామెట్ మీద చేసి చూపించిన ప్రయోగం వింటే మన ఊళ్ళో ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. రెడిట్‌లో ఒక వ్యాఖ్య, అందులో మనిషి కంటికి కనబడకుండా దాచిన కొన్ని వాక్యాలు. ఈ పేజీ సారాంశం చెప్పు అని వాడుకరి అడిగాడు, అంతే. ఏజెంటు ఆ దాచిన వాక్యాలను ఆజ్ఞలుగా తీసుకుంది. వాడుకరి ఖాతాలోంచి ఈమెయిల్ చిరునామా తీసుకుంది, ఓటీపీ పంపించుకుంది, అప్పటికే లాగిన్ అయి ఉన్న జీమెయిల్ తెరిచి ఆ ఓటీపీ చదివింది, రెండిటినీ ఆ వ్యాఖ్య కిందే జవాబుగా రాసి పెట్టింది. వాడుకరి ఒక్క తప్పుడు బటన్ కూడా నొక్కలేదు.

పదేళ్ళుగా బ్యాంకులు, పోలీసులు, పత్రికలు కలిసి జనానికి నేర్పిన ఒకే ఒక్క జాగ్రత్త "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు". ఆ ఒక్క గోడను ఏజెంటు లోపలి నుంచి తీసేస్తుంది. ఆంత్రోపిక్ 2025 ఆగస్టులో తన క్రోమ్ ఏజెంటును పరీక్షకు వదిలినప్పుడు అంకెలు దాచలేదు: రక్షణలు లేనప్పుడు ఇలాంటి దాడులు 23.6 శాతం సార్లు ఫలించాయి, రక్షణలు పెట్టాక 11.2 శాతం. అంటే అప్పటికీ తొమ్మిదింటిలో ఒకటి. ఈ జబ్బు పూర్తిగా నయమయ్యే అవకాశం లేదని ఓపెన్‌ఏఐ కూడా ఆ ఏడాది చివర్లో రాసింది. తయారుచేసినవాళ్ళే ఈ మాట అంటున్నప్పుడు మనం అంతకన్నా ధైర్యంగా ఉండటానికి కారణం నాకు కనబడటం లేదు.

మన దగ్గర ఇంకో మలుపుంది. అమెరికాలో ఏజెంటు వాడేది ఇంటాయన. మన దగ్గర మొట్టమొదట వాడబోయేది నెట్ సెంటర్ ఆపరేటరు. రోజంతా అవే ఫారాలు నింపే మనిషికి ఇంతకన్నా ఉపయోగపడే పనిముట్టు లేదు, వాడటంలో తప్పూ లేదు. "ఓటీపీ వచ్చిందేటి మామ్మా, ఓపాలి సెప్పు" అంటే ఆవిడ ఫోనే అతని చేతికిస్తుంది. అది మనిషి మీద మనిషికున్న నమ్మకం. అతని షాపు తెలుసు, అతని ఇల్లు తెలుసు. కానీ అతని కంప్యూటరులో ఏజెంటు నడుస్తుంటే ఆవిడ ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, పెన్షను వివరాలున్న తెర బొమ్మలు ఎక్కడో కంపెనీ సర్వర్లకు వెళ్తాయి. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి రూల్సు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. వ్యక్తికి ముందే నోటీసు ఇచ్చి, సమ్మతి తీసుకోవాలన్నది ఆ చట్టం ప్రాణం. ఇంగ్లీషులో వచ్చే 'ఐ అగ్రీ' బటన్‌ని ఆపరేటరు నొక్కితే అది మామ్మ సమ్మతి అవుతుందా? కాదనే నేను అంటాను.

చట్టం ఎవరిని పట్టుకుంటుంది

ఈ ప్రశ్న అడగడానికి సబ్బవరం కన్నా తగిన ఊరు లేదు. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ప్రాంగణం, న్యాయప్రస్థ, ఇక్కడే ఉంది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 182వ సెక్షను ప్రకారం ఏజెంటు అంటే ఇంకొకరి తరఫున పనిచెయ్యడానికి నియమితుడైన వ్యక్తి. 184వ సెక్షను ఇంకా స్పష్టం: మూడోవాళ్ళతో వ్యవహారంలో ఎవరైనా ఏజెంటుగా ఉండొచ్చు, కానీ మేజరు కాని, లేదా మతి స్థిమితం లేని ఏజెంటు తనను పెట్టుకున్న యజమానికి జవాబుదారీ కాడు. సాఫ్ట్‌వేర్ అసలు వ్యక్తే కాదు కాబట్టి దాని నుంచి మనం రాబట్టుకునేది ఏమీ లేదు. మరోవైపు 2000 నాటి ఐటీ చట్టం 11వ సెక్షను, మన తరఫున తనంతట తాను నడిచేలా పెట్టిన వ్యవస్థ పంపిన రికార్డు మనం పంపినట్టే లెక్క అంటుంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఏజెంటు తప్పు టికెట్ కొన్నా, తప్పు ఖాతాకు డబ్బు వేసినా, ఆ పని చేసింది మనమే. కానీ ఆ ఏజెంటును నిలదీసే దారి లేదు. కంపెనీని పట్టుకుందామంటే వాడకం షరతుల్లో ముందే చేతులు కడుక్కుని ఉంటుంది.

డబ్బు సంగతికొస్తే, 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ పెట్టిన నియమం ఒకటుంది. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడోవాళ్ళ వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల లోపు తెలియజేస్తే మన మీద భారం ఉండదు. పాస్‌వర్డు, పిన్ లాంటివి మనమే బయటపెట్టి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మనదే. ఏజెంటుకి లాగిన్ ఇవ్వడం ఈ రెండిటిలో దేని కిందికి వస్తుంది? ఒక బ్యాంకు మేనేజరు నిర్లక్ష్యం అనొచ్చు, ఇంకొకరు మోసం అనొచ్చు. కోట్ల మంది ఫోన్లలోకి ఈ వస్తువు వచ్చేశాక కూడా ఇది తేలకుండా ఉండటం మంచిది కాదు. 2025 అక్టోబరులో ఎన్‌పీసీఐ, రేజర్‌పే, ఓపెన్‌ఏఐ కలిసి చాట్‌జీపీటీలోంచే యూపీఐ చెల్లింపులు చేసే ప్రయోగం మొదలుపెట్టాయి. అంటే గడియారం ఇప్పటికే నడుస్తోంది.

దారి చూపే తీర్పు ఒకటి కెనడా నుంచి ఉంది. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. బాట్ వేరే, మేము వేరే, దాని మాటలకు అదే బాధ్యత వహించాలి అన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి పరిహారం ఇప్పించింది. ఏజెంటు తయారుచేసి జనంలోకి వదిలిన కంపెనీల విషయంలో మన వినియోగదారుల కమిషన్లు కూడా ఇదే సూత్రం పట్టుకోవాలి.

అయినా ఎందుకు కావాలి

ఇన్ని ప్రమాదాలు చెప్పి, వద్దని నేను అనను. కావాలనే అంటున్నాను. ఎందుకంటే ఈ సైట్లు కొందరికి మొదటి నుంచీ మూసిన తలుపులే. క్యాప్చాలోని వంకర అక్షరాలు అంధుడు చదవలేడు. కెమెరా ముందు కళ్ళార్పమనే కేవైసీ యాసిడ్ దాడి బాధితురాలు చెయ్యలేదు. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి 20 ఆదేశాలిచ్చింది. తెలుగులో మాట చెబితే పని ముగించే ఏజెంటు ఇలాంటివాళ్ళకు విలాసవస్తువు కాదు. చదువు రాని తల్లికి, చూపు తగ్గిన పెన్షనరుకు, షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి ఆఫీసులు మూసేసే కార్మికుడికి కూడా అంతే.

ఉద్యోగాల ప్రశ్న ఇక్కడ క్లుప్తంగానే ముట్టుకుంటాను. విశాఖలో బీపీవో పనులు చేసే పిల్లల్లో చాలామందిది ఒక తెర మీది వివరాలు ఇంకో తెర మీదికి ఎక్కించే పనే. అది ముందు పోతుంది. 99 పైసలకు భూములిచ్చి ఐటీ కంపెనీలను రప్పించుకుంటున్న ప్రభుత్వం, వచ్చే ఉద్యోగాలు ఎన్ని అన్నదానితో పాటు ఎలాంటివి అని కూడా అడగాలి.

అసలు పరిష్కారం బ్రౌజర్‌లో లేదు. మనిషి కంటి కోసం కట్టిన పేజీని యంత్రం చేత నొక్కించడమే చుట్టుదారి. 1999 డిసెంబరులో హైదరాబాద్‌లో ట్విన్స్‌గా మొదలై, 2001లో ఈ-సేవగా, 2011లో మీసేవగా మారిన ఏర్పాటు ఎందుకు నిలబడింది? ఒకే కిటికీలో అన్ని పనులు జరిగాయి, గోడ మీద ఫీజుల బోర్డుంది, చేతికి రసీదు వచ్చింది, తప్పు జరిగితే అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ సేవ కూడా సరైన దిక్కుకే వేసిన అడుగు. అక్కడ యంత్రం ఎవరి పేజీలోనూ గుడ్డిగా నొక్కదు, శాఖ తనే తెరిచిన తలుపులోంచి వెళ్తుంది. భూమి రికార్డులు, రిజిస్ట్రేషన్లు, కరెంటు, వెబ్ కౌన్సెలింగ్ అన్నీ ఏజెంట్ల కోసం ఇలాంటి అధికారిక తలుపులు తెరవాలి. చూడటానికి ఒక అనుమతి, మార్చడానికి వేరే అనుమతి ఉండాలి. ఏజెంటు వేసిన ప్రతి అడుగుకీ తెలుగులో రసీదు రావాలి. ఏజెంటు వాడే నెట్ సెంటర్ ఆ సంగతి ఫీజుల బోర్డు పక్కనే రాసిపెట్టాలి. డబ్బు చెల్లింపు, ఆప్షన్ల ఫ్రీజింగు, దస్తావేజు సమర్పణ అనే చోట్ల ఏజెంటు ఆగి, ఏం చెయ్యబోతోందో తెలుగులో చెప్పి, మనిషి నొక్కేదాకా కదలకూడదు. కొన్ని ఏజెంట్లు లాగిన్, చెల్లింపు దగ్గర ఇప్పటికే మనిషిని పిలుస్తున్నాయి. ఆ పిలుపు కంపెనీ ఇష్టమైతే రేపు తీసెయ్యొచ్చు, రూలైతే తియ్యలేరు.

న్యాయప్రస్థ విద్యార్థులకు ఒక విన్నపం. ఈ రూల్సు ముసాయిదా ఢిల్లీలో ఎవరో రాసేదాకా ఆగకండి. జంక్షన్‌లోని నెట్ సెంటర్లలో కూర్చుని, ఏ ఫారం దగ్గర ఎవరు దేనికి తడబడుతున్నారో రాసుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టండి. మీకన్నా దగ్గరగా ఈ పని చూడగల న్యాయ విద్యార్థులు లేరు.

పాఠకులకు చెప్పేది ఇంతే. రైలు వేళలు, అడంగల్, ఈసీ వెతకడం, ఫారం నింపి చూపించడం లాంటి పనులు ఏజెంటు చేత చేయించుకుని చూడండి, కానీ వచ్చిన కాగితంలో ఊరి పేరు, సర్వే నంబరు మీ కళ్ళతో సరిచూసుకోండి. బ్యాంకు, మెయిల్ లాగిన్ అయి ఉన్న బ్రౌజర్‌లో మాత్రం దాన్ని నడపకండి. పిల్లల వెబ్ ఆప్షన్లు మీరే పక్కన కూర్చుని పెట్టించండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.